నాలుగవ ఆవృత్తి

చికాగో నగరమనగానే ఆస్తికులకు స్ఫురించేది 1893లో జరిగిన సర్వమత మహాసభ, అందులో వివేకానందస్వామివారి ప్రసంగం. ఆ సభ జరిగిన భవనం మిషిగన్ అవెన్యూ అనే రాజమార్గంపై నేటికీ ఉన్నది; ఇప్పుడది చిత్రకళాశాల. ఆ రాజమార్గానికి కొంతమేర దిగువ అంతస్తులో మరొక వీధి నడుస్తుంది. మహాసభ ముగిసిన తొంభై ఏళ్ళకు, ఆ దిగువ వీధిలో మ్యూజిక్ బాక్స్ అనే నాట్యశాల కొంతకాలం వెలసినది. 1980ల నడుమ ఒకానొక రాత్రి ఆ నాట్యశాలలో ఒకే నాదబంధాన్ని నాలుగు పర్యాయాలు వినిపించినారు. మొదటి పర్యాయం విన్నవారు నాట్యం మానివేసినారు. నాలుగవ పర్యాయం విన్నవారు పరవశులైనారు. విన్నవారు మారలేదు, క్యాసెట్టు మారలేదు, రాత్రి కూడా అదే రాత్రి. మరి మారినదేమిటి?

బ్రహ్మసూత్రాల నాలుగవ అధ్యాయాన్ని గురుముఖతః విన్నవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆ అధ్యాయం ప్రారంభమయ్యేదే దీనితో. అయితే శాస్త్రంలోనికి ప్రవేశించే ముందు ఆ రాత్రి సంగతి సవిస్తరంగా తెలియవలెను. తెలియనిదానిని దృష్టాంతంగా చెప్పడం శ్రోతలను మోసగించడమే.

డీజే అన్న మాట వినగానే తెలుగునాట కనుల ముందు నిలిచేది నిమజ్జనపు ఊరేగింపు, లారీపై పేర్చిన శబ్దపు పెట్టెలు, కిటికీల అద్దాలు అదిరే మోత. దేవుని పేరిట జరిగే ఆ మోత గురించి ఎంత తక్కువ చెబితే అంత మేలు. ఇక్కడ ప్రస్తావిస్తున్నది వేరొక విద్య. రెండు రికార్డులను రెండు యంత్రాలపై తిప్పుతూ, ఒకదాని వేగాన్ని రెండవదానితో సరిచేసి, ఒక పాట ముగిసినట్టు తెలియకుండా మరొకదానిలోనికి శ్రోతను చేర్చడం అందులోని ప్రథమపాఠం. నిమిషానికి సుమారు నూటయిరవై దెబ్బలు; ప్రతి దెబ్బా సమానం; రాత్రి పొడుగునా ఆ ధార తెగదు. చికాగోలో పుట్టిన ఈ సంగీతానికి హౌస్ అని పేరు. వేర్‌హౌస్ అనే నాట్యశాలలో ఫ్రాంకీ నకల్స్ అనే డీజే 1977 నుండి వినిపించిన పాటల బాణీకి, ఆ శాల పేరులోని ఉత్తరార్ధమే నామధేయమైనదని ప్రసిద్ధి.

ఆ శాలకు వచ్చినవారెవరు? అధికసంఖ్యాకులు నల్లజాతి యువకులు. వారిలో అనేకులు స్వలింగానురాగులు కావడం చేత ఇంటనూ, వీధిలోనూ, చర్చిలోనూ కూడా నిరాదరణ పొందినవారు. 1979 జులై 12న అదే నగరంలోని బేస్‌బాల్ క్రీడాంగణంలో, ఒక రేడియో ప్రయోక్త పూనికతో, డిస్కో సంగీతపు రికార్డులను గుట్టగా పోసి, వేలాది జనం చూస్తుండగా పేల్చివేసినారు. జనం మైదానంలోనికి దూకడంతో ఆనాటి రెండవ ఆట నిలిచిపోయినది. ఆ సాయంకాలం అక్కడ ప్రేక్షకులకు ఆసనాలు చూపే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు తదుపరికాలంలో హౌస్ సంగీతపు తొలి నిర్మాతలలో ఒకడైనాడు. పేల్చివేతకు తెచ్చిన రికార్డులలో డిస్కోతో సంబంధమే లేని నల్లజాతి గాయకుల పాటలు అనేకం ఉండడం తాను చూసినానని ఆయన చెప్పినాడు. తన వేదికను పతితులనిపించుకొన్నవారి చర్చిగా నకల్స్ భావించినాడు. ఈ మాటకు ఆలయాలలో ఉన్నవారు నొచ్చుకోనవసరం లేదు. ఎవరెవరికి ఏయే తలుపులు మూసి ఉండగా వారు ఆ తలుపు తట్టినారో ఆలోచిస్తే చాలు.

నకల్స్ వేర్‌హౌస్‌ను విడిచి తన సొంత శాలను తెరచినాడు. పిమ్మట మ్యూజిక్ బాక్స్ అనే పేర వెలసిన శాలలో రాన్ హార్డీ అనే యువకుడు డీజే అయినాడు. నకల్స్‌ది సౌమ్యమైన శైలి, హార్డీది ఉగ్రం. రికార్డులను వాటి సహజవేగం కంటె త్వరగా తిప్పేవాడు. టేపులను వెనుకనుండి ముందుకు వినిపించేవాడు. ఒక పాటలోని చిన్న ఖండాన్ని కత్తిరించి, అతికించి, పదేపదే తిరిగేటట్లు కూర్చేవాడు. చికాగో కుర్రవాళ్ళు ఇళ్ళలో యంత్రాలతో ఏది కూర్చినా, క్యాసెట్టులో పట్టుకొని ఆయన వద్దకు వచ్చేవారు. ఆయన వినిపించినదే పరీక్ష, ఆ జనం ఆడినదే ప్రమాణపత్రం.

అట్లు వచ్చిన క్యాసెట్టులలో ఒకటి ఫ్యూచర్ అనే బృందానిది. పియర్, స్పాంకీ, హెర్బ్ జె అని ముగ్గురు మిత్రులు. వారి చేతికి చిక్కిన యంత్రం జపానుకు చెందిన రోలాండ్ సంస్థ చేసిన టీబీ-303. గిటారు వాయించేవారికి మంద్రస్థాయి తోడు కల్పించడానికి దానిని ఉద్దేశించినారు. 1980ల ఆరంభంలో అమ్మకానికి వచ్చి, ఆశించిన పని చేయలేక, కొన్ని సంవత్సరాలకే ఉత్పత్తి ఆగిపోయినది. గిటారు వాద్యకులకు అది రుచించలేదు, పాతసామానుల దుకాణాలలో చవకగా దొరికేది. ఆ చవకతనమే ముగ్గురు పేదకుర్రవాళ్ళకు దానిని అందుబాటులోనికి తెచ్చినది.

ఈ యంత్రంలో పదునారు అడుగుల వరుసలో స్వరాలను నింపితే, అది ఆ వరుసనే ఆపేవరకు తిరిగి తిరిగి వాయిస్తుంది. పైన కొన్ని తిప్పే గుండీలు ఉంటాయి, వీణకు బిరడాల వలె అనుకొనవచ్చు. కానీ బిరడా శ్రుతిని మారుస్తుంది. వీటిలో ముఖ్యమైనవి స్వరాన్ని కదపకుండా దాని నాదగుణాన్ని మారుస్తాయి. ఒక గుండీ ధ్వనిలోని పై పొరలను కోసివేస్తుంది, మరొకటి ఆ కోత అంచును మ్రోగిస్తుంది. వాద్యకులు వీటిని ఒకసారి సరిచేసి వదిలివేయవలెనని నిర్మాతల ఉద్దేశం. పియర్ వాటిని వదలలేదు. వాద్యం సాగుతూ ఉండగా తిప్పుతూనే ఉన్నాడు. స్వరాల వరుస అదే. కానీ అది ఒకప్పుడు గొణుగుతుంది, ఒకప్పుడు కీచుమంటుంది, ఒకప్పుడు నీటిలో మునిగి మాట్లాడినట్లుంటుంది. మట్టిముద్ద ఒకటే, ఘటశరావాదులు అనేకం. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలోని ఉద్దాలకుని దృష్టాంతం ఇక్కడ స్ఫురించకుండా ఉండదు. ఆ తండ్రి ఈ వ్యాసంలో మరల రావలసి ఉన్నది.

స్పాంకీ తాళం కూర్చినాడు, పియర్ గుండీలు త్రిప్పినాడు, పదినిమిషాలకు పైబడిన ఆ ధ్వనిని క్యాసెట్టుపై పట్టి హార్డీకి అందించినారు. తదుపరి జరిగినది పియర్ అనేక సంభాషణలలో చెప్పినాడు.

శాల నిండుగా ఉన్నది. జనం మంచి ఊపులో ఉన్నారు. హార్డీ ఆ క్యాసెట్టు పెట్టినాడు. ఎరిగిన గొంతు లేదు, ఎరిగిన మెట్టు లేదు. నాట్యం చేస్తున్నవారు ఆగినారు. ఏమిటిది అన్నట్లు నిలబడి చూసినారు. క్రమంగా నేల ఖాళీ అయినది. ఒక మూల ముగ్గురు మిత్రులు నిలబడి ఉన్నారు. తాము కూర్చినది తమ కన్నుల ముందే తిరస్కృతం కావడం ఎట్టిదో, సభలో మొదటి పద్యానికే శ్రోతలు లేచిపోవడం చూసిన అవధానిని అడిగితే తెలుస్తుంది. పని అయిపోయినదని వారు భావించినారు. మరొక డీజే అయితే ఆ క్యాసెట్టును తీసి ప్రక్కన పెట్టి, జనానికి నచ్చిన పాటను అందుకొని, పరువు దక్కించుకొని ఉండేవాడు. శాల ఖాళీ అయితే నష్టం ఆయనకే.

హార్డీ కొంతసేపు వేరే పాటలు వినిపించినాడు, జనాన్ని మరల నేలమీదికి రప్పించినాడు. పిమ్మట అదే క్యాసెట్టును మరల పెట్టినాడు. ఈ పర్యాయం కొందరు కదిలినారు. మరికొంత వ్యవధి ఇచ్చి మూడవసారి. ఇప్పుడు ఇంకొందరు. తెల్లవారుజాము సమీపిస్తుండగా నాలుగవసారి పెట్టినాడు. శాల అంతా ఒక్కపెట్టున చెలరేగినది. కేకలు, గంతులు, ఒకడు వెల్లకిలా పడి కాళ్ళు గాలిలో ఆడించినాడని పియర్ జ్ఞాపకం. మొదట పారిపోయినవారే అప్పుడు అట్లా ఆడినారు.

ఇప్పుడు శాస్త్రం. ఆత్మను గురించి వినవలెను, మననం చేయవలెను, నిదిధ్యాసనం చేయవలెను అని శ్రుతి విధించినది. ఇవి ఒకసారి చేస్తే చాలునా, పలుమార్లు చేయవలెనా? నాలుగవ అధ్యాయపు మొదటి అధికరణానికి ఆవృత్త్యధికరణమని పేరు. పలుమార్లు చేయవలెనని సూత్రకారుని నిర్ణయం. భాష్యకారులైన శంకరభగవత్పాదులు ఇక్కడ పూర్వపక్షిని ఎంతో బలంగా మాట్లాడనిస్తారు. మొదటిసారి విన్నప్పుడు వాక్యం జ్ఞానం కలిగించలేకపోతే, రెండవసారి కలిగించగలదని నమ్మకమేమి? వాక్యానికి ఆ శక్తి ఉంటే మొదటిసారే కలిగించవలెను, లేకపోతే వేయిసార్లు విన్నా లేదు. వాదం నిర్దుష్టంగా కనిపిస్తుంది. దీనికి భాష్యకారుల సమాధానం తర్కం కంటె సరళమైనది: లోకంలో అట్లు జరగడం చూస్తూనే ఉన్నాము గనుక అది జరగదని అనరాదు. ఒకసారి విని మసకగా గ్రహించినవారు, మరల మరల విని, ఒక్కొక్క పొరపాటును తొలగించుకొని, స్పష్టంగా గ్రహిస్తున్నారు. వాక్యంలో లోపం లేదు. వినేవానిలో అడ్డు ఉన్నది; ఆ అడ్డు ఒక్కటి కాదు గనుక, ఒక్కసారికి తొలగదు.

వడ్లు దంచడమే భాష్యకారులిచ్చిన ఉపమానం. కొన్ని వైదికకర్మలు ఒకసారి చేస్తే అదృష్టఫలం సిద్ధిస్తుంది, మరల చేయనవసరం లేదు. దంచడం అట్టిది కాదు. బియ్యం వచ్చేవరకు దంచవలెను. ఎన్ని పోట్లు అని ముందుగా లెక్క లేదు. తెలుగు పల్లెలలో రోకళ్ళు మూగబోయి చాలాకాలమైనది గాని, దంపుళ్ళ పాటల లయ ఎరిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారికి ఈ ఉపమానం వివరించనవసరం లేదు. రోకటిపోటు మొదటిదీ అంతే, నూరవదీ అంతే. మొదటి పోటుకు ఊక ఊడలేదని రోకలిని పారవేసిన ఇల్లాలు ఉండదు. హౌస్ సంగీతంలోని సమానమైన ఆ దెబ్బ, చెవికి విసుగు పుట్టించే ఆ ఒకే దెబ్బ, రోకటిపోటుకు జ్ఞాతి.

ఆలయాలకు వచ్చే సాధకులు అర్చకులను తరచుగా అడిగేది కూడా ఇదే. మంత్రోపదేశం పొంది మండలం దాటినది, నోరు పలుకుతున్నది, మనస్సు బజారులో తిరుగుతున్నది; ఇక ప్రయోజనమేమి? వారి వేదన కల్పితం కాదు. నిత్యం అవే నామాలు, అదే నమఃశబ్దం. పది ఏళ్ళు సహస్రనామం చదివిన గృహిణి ఒకనాడు పుస్తకం మూసివేసి, ఇదంతా నోటి అలవాటేనా అని కన్నీరు పెట్టుకొంటుంది. ఆమెకు మందలింపు పనికిరాదు. ఆమె రెండవ ఆవృత్తికీ మూడవ ఆవృత్తికీ నడుమ నిలబడి ఉన్నది. నేల ఖాళీగా కనిపించే సమయమది.

అయితే ఆక్షేపం ఒకటి మిగిలి ఉన్నది, దానిని దాటవేయరాదు. పదేపదే వింటే ఏదైనా నచ్చుతుంది కదా. సబ్బు ప్రకటన కూడా పదిసార్లు చెవిన పడితే పెదవులపైకి వస్తుంది. అసత్యం కూడా ఆవృత్తిచేత సత్యంవలె స్థిరపడుతుంది. ఈ ఆక్షేపం నిజమే. ఆవృత్తికి స్వయంగా వివేకం లేదు. రోకలికి వడ్లేవో ఊకయేదో తెలియదు. అందుకే శాస్త్రం ఆవృత్తిని ప్రమాణవాక్యానికే విధించినది, ఏదో ఒక వాక్యానికి కాదు. ఆవృత్తులలోనూ భేదం కలదు. ఘనపాఠంలో మొదటి రెండు పదాలను ముందుకు, వెనుకకు, పిమ్మట మూడింటిని ముందుకు, వెనుకకు, మరల ముందుకు చెబుతారు. ఇట్లు సాగగా మంత్రం నడుమనున్న ఒక్కొక్క పదం పదమూడుసార్లు వినవస్తుంది. అది శబ్దాన్ని అక్షరం జారకుండా కాపాడడానికి. శ్రవణంలోని ఆవృత్తి అర్థానికి. నాట్యశాలలోని ఆవృత్తి ఈ రెంటిలో దేనికీ చెందదు. అది దేహం ద్వారా మనస్సును ఏకతానం చేసేది. మూడింటినీ ఒకే గాటకు కట్టడం ఈనాడు వాడుకైనది, అది తగదు.

అయినప్పటికీ హార్డీ విషయంలో ఒక విశేషం నిలుస్తుంది. ప్రకటనకర్త తన సరుకు విలువ తెలియకనే తిరిగి తిరిగి వినిపిస్తాడు, అమ్ముడుపోతే చాలు. హార్డీ మొదటగా తాను విన్నాడు. ఆ నాదంలో ఏదో ఉన్నదని తన చెవి చెప్పినది. జనం చెప్పినది దానికి విరుద్ధం. ఆయన తన చెవినీ విడువలేదు, జనాన్నీ విడువలేదు. మీకు తెలియదని కసరలేదు, మైకులో ఉపన్యసించలేదు. వ్యవధి ఇచ్చి, వారికి తెలిసిన పాటలతో సేదదీర్చి, మరల అదే పెట్టినాడు. ముఖ్యంగా ఆ వ్యవధిని గమనించవలెను. నాలుగుసార్లు వెంటవెంటనే వినిపించి ఉంటే శాల మూతపడేది.

ఇక ఉద్దాలకుడు. శ్వేతకేతువు పన్నెండేళ్ళు గురుకులంలో చదివి, అంతా తెలిసినదన్న గర్వంతో ఇంటికి వచ్చినాడు. తండ్రి ఆ మహావాక్యాన్ని తొమ్మిదిసార్లు ఉపదేశించినాడు. వాక్యం తొమ్మిదిసార్లూ ఒక్కటే. దృష్టాంతం మాత్రం ప్రతిసారీ క్రొత్తది. తేనెటీగలు, నదులు, వృక్షం, మర్రిపండు, నీటిలో కరగిన ఉప్పు, కనులకు గంతలు కట్టి అడవిలో విడువబడిన గాంధారదేశీయుడు. ఒక్కొక్కటి ఒక్కొక్క పొరను తీస్తుంది. ప్రతిపర్యాయం కుమారుడు ఇంకా తెలియజేయుమని ప్రార్థించినాడు, తండ్రి సరేనన్నాడు. తొమ్మిదింటిలో ఏ ఒక్కసారీ తండ్రి విసుగుకొన్నట్లు ఉపనిషత్తులో లేదు. మ్యూజిక్ బాక్స్‌లో మరల వినిపించుమని అడిగిన శిష్యుడు లేడు. అడగనివారికి వినిపించడం ఉద్దాలకుని పని కంటె కష్టమేమో.

ఆ రాత్రి తెల్లవారినది. ఆడినవారు ఇళ్ళకు పోయినారు, ఆ ఆనందం పగటివెలుతురులో నిలువలేదు. ఇంద్రియద్వారా వచ్చినది ఇంద్రియం అలసినంతనే పోతుంది. ఆ శాలలలో మాదకద్రవ్యాల వాడుక ఉండేదన్నది దాచవలసిన విషయం కాదు; జనం ఆ నాదానికి పెట్టిన పేరులోని యాసిడ్ అన్న పదంలోనే ఆ వాసన ఉన్నది. హార్డీని కూడా వ్యసనం పట్టి పీడించినది. ముప్పది నాలుగేళ్ళు నిండకమునుపే, 1992లో మరణించినాడు. ఇతరులకు అంత సహనంతో వినిపించినవానికి తన విషయంలో ఆ సహనం చూపేవారు దొరకలేదేమో. 1987లో ఆ నాదబంధం ట్రాక్స్ సంస్థ ద్వారా రికార్డుగా వెలువడినప్పుడు, రెండవ వైపున అదే బృందం కొకెయిన్‌ను గురించి కూర్చిన పాట ఒకటి ఉన్నది. మాదకద్రవ్యమే స్నేహితునివలె మాట్లాడి మనిషిని వశపరచుకొనే భయానకమైన పాట అది. ఒక ముఖాన జనం పెట్టిన పేరు, మరొక ముఖాన ఆ పేరుకు హెచ్చరిక.

ఇదే టీబీ-303 యంత్రంతో, చికాగోవారికంటె ముందుగా, 1982లోనే బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినీ వాద్యకారుడు లలిత్, తోడి, యమన్ మొదలైన పది రాగాలను డిస్కో తాళంపై వాయించి రికార్డు చేసినాడు. వింటే చికాగో నాదమేనని భ్రమపడతాము. దానిని ఆనాడు పట్టించుకొన్నవారు లేరు. 2010లో పునర్ముద్రితమైన పిమ్మటనే లోకం విస్తుపోయినది. చికాగో కుర్రవాళ్ళు దానిని విన్నట్లు ఆధారం లేదు. ఆయనకు యంత్రం ఉన్నది, రాగజ్ఞానం ఉన్నది, చేతిలో విద్య ఉన్నది. రెండవసారి వినిపించే హార్డీ లేడు.

ఫ్యూచర్ బృందం ఆ క్యాసెట్టుకు మొదట వేరొక పేరు పెట్టుకొన్నది. శాలలో విన్నవారికి ఆ పేరు తెలియదు. వారు రహస్యంగా టేపులపై పట్టుకొని, ఒకరికొకరు పంచుకొంటూ, రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్ అని పిలుచుకొన్నారు. ఆ పిలుపే ఊరంతా ప్రాకి చివరకు బృందం చెవిన పడినది, రికార్డుపై కూడా యాసిడ్ ట్రాక్స్ అనే అచ్చైనది. వారు మొదట పెట్టుకొన్న పేరు 'ఇన్ యువర్ మైండ్', అనగా నీ మనస్సులో.